బండి తొట్టిలో దీపం

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏ కల్లం చూసినా ఎర్రగా కనిపిస్తుంది. కోసిన మిరపకాయ ఎండుతూ ఉంటుంది. ఎండిన కాయలోంచి తాలు ఏరి, గోతాల్లో తొక్కి, మూతులు కుట్టి బండికెత్తేసరికి పొద్దుగూకుతుంది. గుంటూరు మిర్చి యార్డులో బేరాలు పగటిపూట జరుగుతాయి. అందుకని సత్తెనపల్లి, నరసరావుపేట, వినుకొండ, అద్దంకి, మార్టూరు దారులవెంట టిక్కీలు వేసుకున్న బండ్లు చీకట్లోనే బయలుదేరి, తెల్లవారేసరికి యార్డు దగ్గర వరసలో నిలబడతాయి. పత్తి సంగతీ ఇంచుమించు అంతే. పగలంతా చేలో తీసిన పత్తిని బోరాల్లో కుక్కి బండికెత్తేది సాయంత్రం దాటాకనే.

మా చిన్నతనంలో ఇందులో చాలా పని ఎడ్లబండిమీద జరిగేది. ఇరుసుకింద ఒక కిరసనాయిలు లాంతరు ఊగుతూ ఉండేది. ఆ తరువాత ట్రాక్టరు ట్రక్కులు వచ్చాయి. 2005లో టాటా ఏస్ వచ్చింది. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా అలాంటి చిన్న బండ్లూ, బొలేరో పికప్పులూ కనిపిస్తాయి. వీటికి ముందు హెడ్‌లైట్లు, వెనక ఎర్రదీపాలు, డ్రైవరు నెత్తిన ఓ చిన్న బల్బు కంపెనీవారే ఇస్తారు. సరుకు వేసే తొట్టిలో మాత్రం మామూలుగా దీపం ఉండదు. చీకట్లో టిక్కీ దించే మనిషి సెల్‌ఫోను పళ్ళమధ్య కరచుకొని ఆ వెలుగులో పని చేయడం మీరు చూసే ఉంటారు. ఆ ఇబ్బంది చూడలేక చాలామంది బజారులో దొరికే ఎల్.ఇ.డి. పట్టీలు కొని తొట్టిలో బిగించుకుంటున్నారు.

ఇందులో సైన్సు ఏముంది, రెండు వైర్లు బ్యాటరీకి కలిపితే దీపం వెలుగుతుంది గదా అంటారేమో! వెలుగుతుంది. అయితే ఎన్నాళ్ళు వెలుగుతుంది, వెలుగుతూ వెలుగుతూ ఇంకేమి చేస్తుంది అన్నదే ప్రశ్న. ఆ తొట్టిలో ఉన్నది ఇసుక అయితే పరవాలేదు. పత్తి అయితే?

వేడి దీపం, చల్లని దీపం

ముందుగా పాత బల్బు సంగతి చూద్దాం. కారుకో, లారీకో బ్రేకు వేసినప్పుడు వెనక వెలిగే తంతువు బల్బు సాధారణంగా 21 వాట్లది. దాని లోపలి టంగ్‌స్టన్ తంతువు సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. అంత కాగినా దానికిచ్చిన విద్యుచ్ఛక్తిలో నూటికి అయిదు పాళ్ళో, కొంచెం అటూ ఇటూగానో మాత్రమే కంటికి కనిపించే వెలుగవుతుంది. మిగిలినదంతా వేడి. ఆ వెలుగును ఇవ్వడానికి ఎల్.ఇ.డి.కి అయిదు వాట్లు చాలు.

ఈ తేడా యార్డు ముందు వరసలో నిలబడ్డ డ్రైవరుకు బాగా తెలుస్తుంది. తొట్టిలో 21 వాట్ల బల్బులు రెండు పెట్టాడనుకుందాం. మొత్తం 42 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి గనుక, ప్రవాహం 3.5 ఆంపియర్లు. ఇంజను ఆపి పది గంటలు వెలిగిస్తే 35 ఆంపియర్ గంటలు ఖర్చు. బండి బ్యాటరీ 60 ఆంపియర్ గంటలదైతే సగానికి పైగా పోయినట్టే. పాతబడిన బ్యాటరీ అయితే తెల్లవారి తాళం తిప్పినప్పుడు టక్కుమని శబ్దం తప్ప ఇంజను తిరగదు. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే బండిని తోయాల్సిందే. అదే వెలుగును పది వాట్ల ఎల్.ఇ.డి.తో తెచ్చుకుంటే పది గంటలకు ఎనిమిది ఆంపియర్ గంటలు దాటి కాస్త ఖర్చవుతుంది, అంతే.

తంతువు లేకుండా వెలుగు ఎలా వస్తుంది? ఎల్.ఇ.డి. అంటే కాంతి ఉద్గార డయోడు. అందులో రెండు రకాల అర్ధవాహక పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఒకదానిలో ఎలక్ట్రాన్లు ఎక్కువ. రెండోదానిలో ఎలక్ట్రాన్లు ఉండవలసిన చోట ఖాళీలు ఎక్కువ. ఆ ఖాళీలను రంధ్రాలు అంటారు. సరైన దిశలో వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాను వచ్చి రంధ్రంలో పడుతుంది. పడేటప్పుడు దాని దగ్గర మిగిలిన శక్తి ఒక చిన్న కాంతి పొట్లంగా బయటికి వస్తుంది. ఆ పొట్లమే ఫోటాను. శక్తి తక్కువైతే ఎరుపు, ఎక్కువైతే నీలం. అందుకనే ఎర్ర ఎల్.ఇ.డి. సుమారు 2 వోల్టులకు వెలిగితే, నీలానికి 3 వోల్టుల దరిదాపు కావాలి. రంగుకూ వోల్టేజికీ ఉన్న ఈ బంధుత్వం గుర్తుంచుకోండి, ఇంకాస్సేపట్లో అవసరమవుతుంది.

1907లో ఇంగ్లండుకు చెందిన హెన్రీ రౌండ్ అనే ఇంజనీరు సిలికాన్ కార్బైడు స్ఫటికానికి కరెంటు ఇస్తే అది మినుకుమనడం చూసి, నాలుగు ముక్కల్లో రాసి ఊరుకున్నాడు. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. ఎరుపు వచ్చింది, ఆకుపచ్చ వచ్చింది. ప్రకాశవంతమైన నీలం మాత్రం ముప్పై ఏళ్ళపాటు చిక్కలేదు. నీలం లేనిదే తెలుపు లేదు. జపానులో ఇసాము అకసాకి, హిరోషి అమానో ఒకవైపు, షుజి నకమురా మరొకవైపు గాలియం నైట్రైడు అనే మొండి పదార్థంతో ఏళ్ళతరబడి కుస్తీ పట్టి దాన్ని సాధించారు. ఆ ముగ్గురికీ 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడు, 2015లో, మన దేశమంతటా ఉజాలా పథకం కింద ఎల్.ఇ.డి. బల్బులు ఇళ్ళకు చేరడం మొదలైంది. మనం తెలుపు అనుకునే ఎల్.ఇ.డి. నిజానికి నీలం ఎల్.ఇ.డి.యే. దానిమీద పూసిన పసుపురంగు పొడి కొంత నీలాన్ని మింగి పసుపును వదులుతుంది. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి.

మూడేసి దీపాలు ఒక్కసారే ఆరిపోతాయెందుకు?

మా బడిలో చదివే ఒక పిల్లవాడి తండ్రికి చిన్న బండి ఉంది. ఆయన ఒకరోజు అరచేతిలో ఒక ఎల్.ఇ.డి. పట్టీ ముక్క పట్టుకొచ్చి, "మాస్టారూ, ఇది ఇంట్లో బ్యాటరీకి పెట్టి చూస్తే నిక్షేపంగా వెలిగింది. బండికి బిగిస్తే రెండు నెలలు తిరక్కుండా చచ్చింది. అదీ ఒక్కొక్కటిగా కాదు, మూడేసి, మూడేసి!" అన్నాడు. చూసిన వాడెవడో గాని బాగా చూశాడనుకున్నాను. మూడేసి అన్న ఆ మాటలోనే సగం జవాబు ఉంది.

ఆ ముక్కను తరగతిలో అందరికీ ఇచ్చి భూతద్దంతో చూడమన్నాను. మూడు ఎల్.ఇ.డి.లు, వాటి పక్కన నల్లటి నువ్వుగింజంత బిళ్ళ ఒకటి. దానిమీద 151 అనే అంకె. ఆ బిళ్ళ నిరోధం. 151 అంటే నూటయాభై ఒకటి కాదు. 15 పక్కన ఒక సున్న, అంటే 150 ఓములు. మూడు ఎల్.ఇ.డి.లూ, ఆ నిరోధమూ శ్రేణి సంధానంలో ఉన్నాయి. ఇలాంటి గుంపులు పట్టీ పొడవునా పక్కపక్కనే సమాంతరంగా ఉంటాయి. శ్రేణిలో ఒకటి తెగితే ఆ దారిలో కరెంటు ఆగిపోతుంది గనుక, మూడూ కలిసి ఆరిపోతాయి. పక్క గుంపులకు ఏమీ కాదు.

మరి ఒకటి ఎందుకు తెగుతున్నది? లెక్క వేద్దాం. తెల్ల ఎల్.ఇ.డి. అంటే లోపల నీలమే గనుక, ఒక్కోదానికి 3 వోల్టులు; మూడింటికి 9. పట్టీ చేసినవాళ్ళు బ్యాటరీని 12 వోల్టులుగా భావించారు. మిగిలిన 3 వోల్టులు నిరోధం మీద పడతాయి. ఓమ్ నియమం ప్రకారం 3ను 150తో భాగిస్తే 0.02 ఆంపియరు, అంటే 20 మిల్లీ ఆంపియర్లు. ఆ చిన్న దీపానికి సరిగ్గా కావలసినంత.

అయితే బండిలో ఉన్నది 12 వోల్టులేనా? మేము వోల్టుమీటరు తీసుకుని ఆ బండి దగ్గరికి వెళ్ళాము. ఇంజను ఆపి ఉండగా 12.6 వోల్టులు చూపింది. బ్యాటరీలో ఆరు అరలు, ఒక్కో అరకు 2.1 వోల్టులు, లెక్క సరిపోయింది. ఇంజను ఆన్ చేశాక ముల్లు 14 దాటి నిలబడింది. బ్యాటరీని నింపాలంటే దానికన్నా ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి గదా! చెరువులోకి నీరు రావాలంటే కాలవ చెరువుకంటే ఎత్తున ఉండాలి. అందుకని ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటరు 14.4 వోల్టుల దాకా ఇస్తూ ఉంటుంది.

ఇప్పుడు మళ్ళీ లెక్క. 14.4లోంచి ఎల్.ఇ.డి.ల 9 వోల్టులు తీసేస్తే నిరోధం మీద మిగిలేది 5.4. దాన్ని 150తో భాగిస్తే 36 మిల్లీ ఆంపియర్లు! వోల్టేజి పెరిగింది నూటికి ఇరవై పాళ్ళే, కరెంటు పెరిగింది నూటికి ఎనభై పాళ్ళు. ఎల్.ఇ.డి.ల మీద వోల్టేజి దాదాపు కదలదు. పెరిగిన వోల్టేజి అంతా నిరోధం నెత్తిమీదే పడుతుంది. ప్రవాహ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి వస్తుందని మీరు చదువుకున్నారు. ఆ లెక్కన నువ్వుగింజంత బిళ్ళ 0.06 వాట్లకు బదులు 0.19 వాట్లు, అంటే మూడు రెట్లకు మించిన వేడిని భరించాలి. నిజానికి కరెంటు పెరిగితే ఎల్.ఇ.డి. వోల్టేజి కూడా రవ్వంత పెరుగుతుంది గనుక 36 కాక ఇంకొంచెం తక్కువే ఉండవచ్చు. ఉన్నా కథ మారదు. దానికి తోడు మన ఎండాకాలం. మధ్యాహ్నం బండి రేకుమీద చెయ్యి పెట్టలేము. అలాంటి రేకుమీద ఆ దీపం తన వేడిని ఎక్కడికి పంపాలి?

పాత తంతువు బల్బుకు ఈ బాధ ఇంతగా లేదు. వోల్టేజి పెరిగితే తంతువు ఇంకా కాగుతుంది. కాగేకొద్దీ దాని నిరోధం కూడా పెరిగి కరెంటును కాస్త పట్టి ఉంచుతుంది. ఎల్.ఇ.డి. స్వభావం దానికి పూర్తిగా వేరు.

నివారణ కూడా లెక్కలోనే దొరుకుతుంది. 14.4 వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంపియర్లే పోవాలంటే 5.4ను 0.02తో భాగించాలి. 270 ఓములు వస్తుంది. బజారులో ఆ విలువ గల నిరోధం ఉండనే ఉంది. అలా చేస్తే ఇంజను ఆపినప్పుడు వెలుగు కొంచెం తగ్గుతుంది. అది కూడా వద్దనుకుంటే వోల్టేజి ఎంత మారినా కరెంటును ఒకేలా ఉంచే చిన్న సర్క్యూటు గల దీపాలు దొరుకుతాయి. వాటిమీద సాధారణంగా 12–24 వోల్టులు అని రాసి ఉంటుంది. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు శ్రేణిలో కలిపి 24 వోల్టులు చేస్తారని కూడా తెలుసుకోండి. చిన్నబండి పట్టీని తీసి లారీకి తగిలిస్తే ఏమవుతుందో లెక్క మీరే వేసి చూడండి.

దీపం పోతే దీపమే పోతుంది. ఇక అసలు భయం గల సంగతికి వద్దాం.

ఇస్త్రీపెట్టెగా మారిన వైరు

బండిలో కరెంటుకు పోయే దారి వైరు, తిరిగివచ్చే దారి బండి ఇనుప శరీరం. బ్యాటరీ ఋణ ధ్రువాన్ని శరీరానికి కలిపేస్తారు. దీనివల్ల సగం వైరు ఆదా. కాని దీనివల్లనే ఒక ప్రమాదం కూడా ఉంది: ధన ధ్రువం నుంచి వచ్చిన వైరు తొడుగు ఎక్కడ చిరిగినా, ఆ రాగి బండి రేకుకు తాకితే చాలు, సర్క్యూటు పూర్తయినట్టే. మధ్యలో దీపం లేదు, నిరోధం లేదు.

అప్పుడు ఎంత కరెంటు పోతుంది? బ్యాటరీ నుంచి తొట్టి చివరికి వైరు 5 మీటర్లు అనుకుందాం. వైరు మందం 1 చదరపు మిల్లీమీటరు. రాగి విశిష్ట నిరోధంతో లెక్కిస్తే ఆ వైరు నిరోధం 0.085 ఓం వస్తుంది. బ్యాటరీ లోపలి నిరోధం, అతుకులు, ఇనుప శరీరం అన్నీ కలిపి మొత్తం 0.15 ఓం అనుకుందాం. 12ను 0.15తో భాగిస్తే 80 ఆంపియర్లు. బ్యాటరీ ఇవ్వగలదా అంటే సునాయాసంగా ఇవ్వగలదు. ఇంజనును తిప్పేటప్పుడు అది వందల ఆంపియర్లు ఇస్తూనే ఉంది గదా. 80 ఆంపియర్లను 12 వోల్టులతో గుణిస్తే 960 వాట్లు. ఒక ఇస్త్రీపెట్టె అంత! అందులో సగానికి మించి ఆ సన్నని వైరులోనే వేడిగా మారుతుంది. వైరు తొడుగు పి.వి.సి. ప్లాస్టిక్కు మామూలుగా 70 డిగ్రీలకు మించి ఓర్చుకునేది కాదు. కొద్ది సెకన్లలోనే మెత్తబడి, పొగలు కక్కి, కరిగి కారుతుంది. ఆ వైరు పోయేది పత్తి బోరాల పక్క నుంచి.

పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. సుమారు 400 డిగ్రీల వద్ద అది దానంతటదే అంటుకుంటుంది. నిప్పురవ్వ సోకితే అంత వేడీ అక్కర్లేదు. పోగుపోగుకూ మధ్య గాలి ఉంటుంది, అంటే మంటకు కావలసిన ఆక్సిజను అక్కడే సిద్ధంగా ఉంది. ఇంకో దుర్గుణం ఏమంటే, బిగించి కుక్కిన పత్తి పైకి మంట చూపకుండా లోలోపల గంటలకొద్దీ రగులుతుంది. నీళ్ళు పోసి ఆర్పామనుకుని వెళ్ళాక మళ్ళీ పొగ లేస్తుంది. మిరపకాయల బండి అంటుకుంటే మరో బాధ. తాలింపులో రెండు ఎండుమిరపకాయలు మాడితేనే ఇల్లంతా దగ్గుతాం. టన్నుల కొద్దీ కాయ మాడితే ఆర్పేవాళ్ళు దగ్గరికి పోవడమే కష్టం. ఒక కుటుంబం ఏడాదిపాటు పడ్డ పాటు, పెట్టుబడికి తెచ్చిన అప్పు, అన్నీ ఆ తొట్టిలోనే ఉంటాయి.

ఇదంతా జరగకుండా ఆపేది పది రూపాయల ఫ్యూజు. ఫ్యూజు దీపాన్ని కాపాడడానికి అని చాలామంది అనుకుంటారు. కాదు, అది కాపాడేది వైరును. కాబట్టి దాన్ని దీపం దగ్గర పెట్టి లాభం లేదు. బ్యాటరీ ధన ధ్రువానికి జానెడు దూరంలోనే ఉండాలి. అక్కడి నుంచి అవతల వైరు ఎక్కడ రేకుకు తాకినా ఫ్యూజు ముందు తెగిపోతుంది. తొట్టి దీపాలు 1 ఆంపియరు తీసుకుంటే 3 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మాటిమాటికీ పోతున్నదని సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టేవారున్నారు. కాపలా కుక్క అరుస్తున్నదని దాని మూతి కట్టేసినట్టుంటుంది ఆ పని. ఫ్యూజు ఎందుకు పోతున్నదో వెతకాలి గాని!

బిగించే తీరు

మంచి పనివాడు ఈ పని ఎలా చేస్తాడో దగ్గర నిలబడి చూడండి. మొదట చేసేది బ్యాటరీ ఋణ ధ్రువం విప్పడం. ధన ధ్రువాన్ని ఎందుకు ముందు విప్పడు? విప్పుతుండగా చేతిలోని పానా పొరపాటున బండి రేకుకు తాకిందనుకోండి, ఇందాక చెప్పిన ఇస్త్రీపెట్టె కథే, పానా కాస్తా వెల్డింగు అయిపోతుంది. ఋణ ధ్రువం ముందుగా విప్పేస్తే రేకుకూ బ్యాటరీకీ సంబంధమే ఉండదు. ఇక పానా ఎక్కడ తాకినా సర్క్యూటు పూర్తికాదు. బిగించేటప్పుడు దీనికి తిరగేసి, ఋణ ధ్రువం చివరికి.

తరువాత దీపాల చోటు. అడుగున పెడితే గోతాలు రాసుకుంటాయి, వేడికి దారి ఉండదు. తొట్టి ముందు గోడకు, అంటే క్యాబిన్ వెనక తట్టుకు పైన, అంచు చాటున పెట్టడం మేలు. అక్కడ నుంచి వెలుగు కిందికి వాలుగా పడుతుంది, సరుకు తగలదు. పట్టీని ఉత్త జిగురుమీద వదిలేస్తే ఎండకు ఊడి వేలాడుతుంది. అల్యూమినియం పట్టాలో కూర్చి మరలతో బిగిస్తే రెండు లాభాలు: ఊడదు, వేడిని లోహం లాక్కుంటుంది. ఎల్.ఇ.డి. చల్లని దీపం అన్నది దాని వెలుగు విషయంలోనే నిజం. వెలుగుగా మారని శక్తి అంతా ఆవగింజంత ముక్కలో వేడిగా పోగవుతుంది.

మిరప దుమ్ము, రాత్రి మంచు, యార్డులో బండి కడిగే నీళ్ళు ఇవన్నీ దీపం లోపలికి చేరితే తుప్పే. దీపం మీద ఐ.పి. 65, ఐ.పి. 67 అని అంకెలు ఉంటాయి. మొదటి అంకె 6 అంటే దుమ్ము దూరదు. రెండో అంకె 5 అయితే గొట్టంతో చిమ్మిన నీటికి తట్టుకుంటుంది; 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా పరవాలేదు.

వైరు రేకులోని కంతగుండా పోయే చోట రబ్బరు బిళ్ళ తప్పనిసరి. బండి అదిరిన ప్రతిసారీ రేకు అంచు రంపంలా తొడుగును కోస్తూ ఉంటుంది. ఆరు నెలలకు రాగి బయటపడుతుంది. సైలెన్సరు గొట్టానికి దూరంగా, ముడతల ప్లాస్టిక్కు గొట్టంలో వైరును పంపాలి. అతుకులు మెలిపెట్టి టేపు చుట్టడం మన దేశాచారం. ఎండకు ఆ టేపు జిగురు కారి విడిపోతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగడమే మంచిది. వైరు మరీ వెంట్రుకలా ఉంటే ఇంకో నష్టం. అయిదు మీటర్ల వైరు పోనూ రానూ వేశారనుకుంటే పది మీటర్లు. మందం 0.2 చదరపు మిల్లీమీటరే అయితే నిరోధం 0.85 ఓం, 2 ఆంపియర్లు పోతే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. దీపం గుడ్డిగా వెలుగుతుంది. దీపం బాగోలేదని తిట్టుకుంటారు.

రోడ్డుమీద ఆర్పివేయాలి

తొట్టి దీపానికి విడిగా ఒక స్విచ్చి, అది వేసి ఉందని చెప్పడానికి డ్రైవరు ఎదుట ఒక చిన్న సూచిక దీపం ఉండాలి. ఎందుకంటే బండి కదిలాక తొట్టిలో తెల్లని వెలుగు ఉండకూడదు. ముందుకు తెలుపు, వెనక్కి ఎరుపు అన్నది రోడ్డు భాష. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా దాదాపు ఇదే చెబుతాయి. చీకట్లో వెనక వచ్చేవాడికి దూరాన తెల్లని వెలుగు కనిపిస్తే, ఎదురొచ్చే బండా, ముందు పోయే బండా తేల్చుకోలేడు. ఆ తెలుపు వెలుగులో పక్కనున్న ఎర్రదీపం కూడా వెలవెలపోతుంది.

తేల్చుకోవడానికి అతనికి ఎంత వ్యవధి ఉంది? గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. కన్ను చూసి, మెదడు గ్రహించి, కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే బ్రేకు పడకముందే 30 మీటర్లు పోయాయి. ఆ తరువాత వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గినా ఆగడానికి మరో 40 మీటర్లు. మొత్తం 70. సందేహంలో ఇంకొక్క సెకను పోతే ఇంకో 20 మీటర్లు కలుపుకోండి.

డ్రైవరుకూ నష్టమే. మసక వెలుతురులో చూపునిచ్చేవి కంటిలోని దండకణాలు. వాటిలోని రొడాప్సిన్ అనే పదార్థం వెలుగు పడితే విరిగిపోతుంది, చీకట్లో తిరిగి కూడుతుంది. పూర్తిగా కూడడానికి అరగంట దాకా పడుతుంది. వెనక అద్దంలోంచి తొట్టి వెలుగు కంట్లో పడుతూ ఉంటే ముందున్న గేదె కనిపించదు. అన్నట్టు, కొందరు కుర్రాళ్ళు ట్రాక్టరు ట్రక్కులకు నీలం, ఊదా రంగు దీపాలు తిరునాళ్ళ ప్రభలా కట్టి, అసలు ఉండవలసిన వెనక ఎర్రదీపం మాత్రం లేకుండా తిరుగుతున్నారు. నాకు ఆ సరదా అర్థం కాదు. కరెంటే అక్కర్లేని ఎర్రని ప్రతిఫలన పట్టీ మూరెడు అంటించినా ఎన్నో రెట్లు మేలు చేస్తుంది.

ఎరుపు లేని తెలుపు

ఇక మిరపకాయ రంగు. కాయకు ఎరుపునిచ్చేది ప్రధానంగా క్యాప్సాంథిన్ అనే పదార్థం. అది నీలం, ఆకుపచ్చ కాంతులను మింగి ఎరుపును తిప్పికొడుతుంది. ప్రయోగశాలలో మిరప రంగును కొలిచేది కూడా ఇలాగే: కాయపొడి రంగును ఎసిటోనులో తీసి, 460 నానోమీటర్ల నీలికాంతిని అది ఎంత మింగిందో చూస్తారు. ఎంత ఎక్కువ మింగితే అంత మంచి రంగు.

అయితే తిప్పికొట్టడానికి ముందు ఎరుపు దానిమీద పడాలి గదా! తెల్ల ఎల్.ఇ.డి. అంటే నీలమూ, పసుపూ అని చెప్పుకున్నాం. చవకరకం పట్టీల వెలుగులో ముదురు ఎరుపు చాలా తక్కువ. దానికింద మేలైన కాయ కూడా గోధుమరంగు కలిసినట్టు కనిపిస్తుంది. తెల్లని తాలు ఇట్టే తెలిసిపోతుంది. కాని మంచి ముదురెరుపు కాయకూ, తడికి నల్లబారిన కాయకూ తేడా పట్టుకోవడం కష్టమవుతుంది. రాత్రి కల్లంలో బండి దీపం కింద ఏరి నింపిన టిక్కీలోంచి పొద్దున యార్డులో వ్యాపారి మచ్చు తీసి ఎండలో చూసినప్పుడు ఆ నల్లకాయ బయటపడుతుంది. ధర అక్కడే తెగుతుంది. అందుచేత ఏరే పని కూడా ఆ వెలుగులోనే చేయాలనుకునేవారు కాస్త పచ్చగా వెలిగే, రంగులను నిజంగా చూపించే రకం దీపం కొనుక్కోవాలి. దాని గుర్తు సి.ఆర్.ఐ. అనే అంకె, 90 లేక అంతకుమించి ఉంటే మేలు. దించడానికీ ఎక్కించడానికీ అయితే ఏ దీపమైనా ఒకటే.

మీరు చేయదగినవి

బండి బ్యాటరీ జోలికి మీరు పోవద్దు. కాని ఫ్యూజు పని చూడాలంటే గిన్నెలు తోమే ఇనుప పీచులోంచి ఒక్క పోగు తీసి, పింగాణీ పళ్ళెంలో పెట్టి, రెండు టార్చి సెల్లులను శ్రేణిలో కలిపి దాని రెండు కొసలకూ తాకించండి. పోగు ఎర్రగా మెరిసి పుటుక్కున తెగుతుంది. పెద్దవారెవరైనా పక్కన ఉండాలి, దగ్గర్లో పత్తిగాని కాగితంగాని ఉండకూడదు. రెండు పోగులు, నాలుగు పోగులు మెలిపెట్టి మళ్ళీ చూడండి.

రంగు సంగతి తెలియాలంటే పాత సి.డి. ఒకటి చాలు. చీకటి గదిలో తెల్ల ఎల్.ఇ.డి. వెలిగించి, సి.డి.ని వాలుగా పట్టుకుని అందులో కనిపించే రంగుల పట్టీని చూడండి. నీలం దట్టంగా, దాని పక్కన ఒక మసక సందు, ఆ తరువాత ఆకుపచ్చ, పసుపు, చివర పలచగా ఎరుపు కనిపిస్తాయి. తరువాత పాత తంతువు బల్బుతో చూడండి. అదయ్యాక నాలుగు మంచి ఎండుమిరపకాయలు, నాలుగు నల్లబారినవి, నాలుగు తాలు కలిపి తెల్లకాగితం మీద పోసి, ఎల్.ఇ.డి. కింద ఒకసారి, తంతువు బల్బు కింద ఒకసారి, పొద్దున ఎండలో ఒకసారి మీ స్నేహితుడిచేత ఏరించండి. ప్రతిసారీ ఎన్ని పొరబడ్డాడో పుస్తకంలో రాసి ఉంచండి.